వసుంధర వేషం

12 జూలై 2018

ఇవాళ మాట్లాడారు. పూర్తి వాక్యం.

ఎన్నాళ్ళుగానో "అదీ... ఆ ఇది... అదేమిటీ" తప్ప ఆయన నోట ఒక్క ముక్క తిన్నగా రావడం లేదు. పొద్దున్న కాఫీ గ్లాసు చేతికిస్తే తలెత్తి చూసి, గొంతు సవరించుకుని, "వసుంధరా, ఇందులో పంచదార వేశావా, నీ వేలు ముంచావా?" అన్నారు.

"రామనాథం ఇల్లు" నాటకం, మొదటి అంకం, మొదటి సీను. నలభై ఏళ్ళ కిందటి డైలాగు. ఆయన రామనాథం, నేను రామనాథం భార్య వసుంధర. నా నోరు నన్నడక్కుండానే జవాబిచ్చేసింది: "పంచదార నిండుకుందండీ. ఇంక నా వేలే గతి."

నవ్వారు. కాఫీ చివరి చుక్క దాకా తాగారు. నేను వంటింట్లోకి వచ్చి ఏడ్చాను. సంతోషంతోనే.

13 జూలై

మళ్ళీ అదే మాట. మళ్ళీ నవ్వారు. ఇడ్లీలు రెండు తిన్నారు.

15 జూలై, ఆదివారం

భిలాయి నుంచి వీణ వచ్చింది. చూసి సంతోషిస్తుందని దాన్ని ఎదురుగా కూర్చోబెట్టి కాఫీ తెచ్చాను. ఆయన "వసుంధరా" అనగానే నేను పైట సర్దుకుని అందుకున్నాను. అది నోరు తెరుచుకుని చూసింది.

"అమ్మా, యే క్యా హై? నాన్నతో డ్రామా ఆడుతున్నావా?"

"మాట్లాడుతున్నారే! విన్నావా, ఎంత తిన్నగా వచ్చిందో మాట!"

"అది మాట్లాడ్డం కాదమ్మా. ఎప్పుడో రట్టా కొట్టి కంఠతా పట్టింది వొప్పచెప్తున్నారు. డాక్టర్ ఏమన్నాడు? అసలు పేర్లతో పిలవండి, ఇవాళ ఏ వారం, ఏం కూర, అవే చెప్తూ ఉండండి అన్నాడు కదా. నువ్వంతా ఉల్టా చేస్తున్నావు."

"ఆ డాక్టరు జన్మలో ఒక నాటకం చూసి ఉంటాడా?" అన్నాను.

అది తల కొట్టుకుని సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. బ్యాంకులో మేనేజరయింది కదా, ఇంట్లో కూడా సంతకం పెట్టి చెప్తుంది.

16 జూలై

దానికేం తెలుసు. అది పుట్టేనాటికే మేము స్టేజి దిగిపోయాం.

అప్పట్లో ఇక్కడ రాయపూర్‌లో తెలుగు నాటకం అంటే రైల్వే వర్క్‌షాపు మగవాళ్ళంతా ఆర్నెల్లు రిహార్సల్ చేసుకునేవారు. ఆడవేషానికి మాత్రం మాలాంటి ఆర్టిస్టులు రావాలి, అనకాపల్లి నుంచో విజయనగరం నుంచో. ప్రదర్శన రోజు పొద్దున్నే బండి దిగడం, మధ్యాహ్నం ఒకసారి మాటలు ఒప్పచెప్పుకోవడం, సాయంత్రం రంగు పూసుకోవడం. ఆర్నెల్లు చదివిన వాళ్ళు తెర లేవగానే మర్చిపోయేవారు. నాకు నా మాటలే కాదు, ఎదుటివాళ్ళ మాటలూ వచ్చు. పెదవి కదలకుండా తర్వాతి మాట అందించడం మా ఆర్టిస్టుల చదువు. ఆడియన్స్ ముందు ఖాళీ పడకూడదు. ఇల్లు తగలబడుతున్నా ఖాళీ పడకూడదు.

సత్తిరాజు గారికి ఎన్నిసార్లు అందించానో! ఆయనది బంగారం లాంటి గొంతు, జల్లెడ లాంటి జ్ఞాపకం. నన్ను పెళ్ళి చేసుకున్నది కూడా అందుకేనని మా నాటకాల చిన్నారావు ఏడిపించేవాడు. ప్రాంప్టరు ఖర్చు మిగిలిందట.

ఇప్పుడూ నేను చేస్తున్నది అదే. మాట దొరక్క గిలగిల్లాడుతున్న మనిషికి మాట అందించడం తప్పయితే ఇంక ఒప్పేమిటి?

24 జూలై

మొదటి అంకంలో గుడి సీను అంతా చెప్పారు. మూడుచోట్ల ఆగారు. అందించాను.

3 ఆగస్టు

ఇవాళ ఒక తెలివితక్కువ పని చేశాను.

ఆయన రోజూ వసుంధరా అంటున్నారు. ఒక్కసారి నళినీ అంటే చాలనిపించింది. నాకు ఇంకేమీ అక్కర్లేదు. జబ్బు తగ్గదని నాకు తెలుసు, వీణ అనుకుంటున్నంత పిచ్చిదాన్ని కాను. పోయేలోపు ఒక్కసారి నా మొహం చూసి నా పేరు పిలవాలి, అంతే.

అన్నం కలిపి పెడుతూ, "ఏమండీ, నేను నళినిని" అన్నాను.

నోట్లో ముద్ద ఆగిపోయింది. కళ్ళు పక్కకి, బీరువా వైపుకి తిప్పారు. అటు ప్రాంప్టరు ఉంటాడని. అక్కడెవరూ లేరు. ముద్ద ఒళ్ళో ఊసేసి లేచిపోబోయారు. ఆయన్ని చూసుకునే పైడమ్మ పరుగెత్తుకొచ్చి పట్టుకుంది.

నేను వెంటనే, "చారులో ఉప్పు ఎక్కువైందాండీ?" అన్నాను, వసుంధర గొంతుతో. కూర్చున్నారు. తిన్నారు.

పిలిచేది వసుంధరనైనా చూసేది నన్నే కదా. అన్నం తినేది నా చేతి నుంచే కదా.

11 ఆగస్టు

హరేలీ, ఇక్కడివాళ్ళ పండగ. కింద వాటా వాళ్ళు అందరి గుమ్మాలకీ వేపరెమ్మలు గుచ్చి వెళ్ళారు, మా గుమ్మానికి కూడా. చెడు లోపలికి రాదట. మంచిదే. పొద్దున్న ఆయన మొదటి అంకం చివరి సీను ఒక్క తప్పు లేకుండా చెప్పారు.

20 ఆగస్టు

కాఫీ ఇచ్చాను. డైలాగు రాలేదు. నేనే, "పంచదార చాలిందాండీ?" అని అందించాను. పట్టించుకోలేదు. "మీ తమ్ముడు ఉత్తరం రాశాడా?" అన్నారు.

అది రెండో అంకం.

21 ఆగస్టు

మళ్ళీ గుడి సీను ఎత్తుకున్నాను. నా వైపు జాలిగా చూశారు, వరస తప్పిన ఆర్టిస్టుని చూసినట్టు. అయిపోయిన సీను మళ్ళీ ఆడరు కదా ఎవరూ.

26 ఆగస్టు, ఆదివారం

ఈ సంగతి వీణకి చెప్పలేదు.

వరసగా వస్తున్నాయి సీన్లు. ఒకటి అయ్యాక ఒకటి. రెండో అంకంలో వసుంధర తమ్ముడు పోలీసులకి భయపడి చాటుగా ఇంటికొస్తాడు. మొగుడికి తెలియకుండా వాడికి అన్నం పెట్టి పంపించేస్తుంది. తలుపు చప్పుడు విని, వెళ్ళింది ఎవరని రామనాథం అడుగుతాడు. తమ్ముడికి మాటిచ్చింది కాబట్టి చెప్పదు. తెర. మూడో అంకంలో రామనాథం పెళ్ళాన్ని గడప దింపేస్తాడు. ఆ తర్వాత ఒక్కడూ కూర్చుని ఉండగా ఆఖరి తెర.

వసుంధర తిరిగి రాదు. ఆ నాటకం గొప్పంతా అదే. జనం కళ్ళు తుడుచుకుంటూ లేచేవారు. మూడో అంకం దగ్గరికొస్తే నన్నేం చేస్తారీయన?

ఏమీ చెయ్యరు. ఇది నాటకం కాదు, జబ్బు. జబ్బుకి అంకాలుంటాయా?

5 సెప్టెంబరు

సినిమా గుర్తొచ్చింది.

ఎనభై ఒకటిలో మా నాటకాన్ని సినిమా తీశారు. పేరు కూడా మార్చలేదు. ఇప్పుడు టీవీ వాళ్ళు ఆణిముత్యం అంటూ వేస్తారు. అప్పుడు ఇక్కడ తెలుగు సినిమా అంటే ఆదివారం మార్నింగ్ షో ఒక్కటే. వర్క్‌షాపు జనమంతా కొత్త బట్టలేసుకుని వెళ్ళాం. ఈయన ఇంటర్వెల్‌లో లేచి వచ్చేశారు. "మన ఇల్లు వాళ్ళకి అద్దెకిచ్చినట్టుంది" అన్నారు. నేను మాత్రం చివరిదాకా కూర్చున్నాను. నా వేషం కట్టినావిడ ఎంత ఏడ్చినా కాటుక చెదరలేదు. చివర ఒక తోక తగిలించారు: పదేళ్ళ తర్వాత వసుంధర బిడ్డతో తిరిగొస్తుంది. "పదేళ్ళు వానలో నిలబడ్డాను, లోపలికి రమ్మంటారా?" అంటుంది. పదేళ్ళు వానలో నిలబడితే న్యుమోనియా వస్తుంది. నేనెంత నవ్వానో!

కానీ అందులో అతను రమ్మంటాడు. తలుపు తెరిచి, పేరు పెట్టి పిలుస్తాడు.

వీణకి ఫోన్ చేసి ఆ సినిమా టీవీలో ఎలా పెట్టాలో అడిగాను. "చలో, నాటకం కంటే సినిమా నయం" అంది. ఎందుకు కావాలో నేను దానికి చెప్పలేదు.

6 సెప్టెంబరు

చూపించాను.

7 సెప్టెంబరు

చూపించాను. రామనాథం వేసిన హీరోని చూసి, "వాడెవడు?" అన్నారు. మంచి గుర్తే.

13 సెప్టెంబరు

చవితి. ఉండ్రాళ్ళు తిన్నారు. వీధిలో డీజే మోత ఎంతున్నా సినిమా చివరిదాకా కూర్చున్నారు. వసుంధర తిరిగొచ్చే సీన్లో ఆయన కళ్ళు చెమర్చాయి. పైడమ్మ, "ఇప్పుడే గదమ్మా కంట్లో సుక్కలేసినాను" అంది. దానికి నాటకం ఏం తెలుసు, సినిమా ఏం తెలుసు. చెమర్చాయి.

ఆఖరి సీను మనసులో పడుతోంది. రోజూ చూస్తుంటే ఎందుకు పడదు?

28 సెప్టెంబరు

రెండో అంకం సగం పైన అయింది. నేను అందించడం తగ్గించాను. అందించకపోతే ఆగుతారు, ఆగితే భయపడతారు, భయపడితే అన్నం తినరు. మళ్ళీ అందిస్తున్నాను.

2 అక్టోబరు

చిన్నారావు ఫోన్ చేశాడు. బావని చూసి చాలా రోజులైంది, వస్తానంటాడు. నాటకంలో నా తమ్ముడి వేషం వాడిదే. ఆ నాటి నుంచీ నన్ను అక్కా అనే పిలుస్తాడు, ఆయన్ని బావా అంటాడు. రావద్దన్నాను. ఎందుకని అడిగాడు. ఆయనకి ఒంట్లో బాగోలేదన్నాను. "బాగోనేదనే గదా వొస్తానంటన్నాను" అన్నాడు.

10 అక్టోబరు

అయిపోయింది. వరసగా రాస్తాను.

మధ్యాహ్నం ఆయన కుర్చీలో కునుకు తీస్తున్నారు. పైడమ్మ మందుల షాపుకి వెళ్ళింది. తలుపు చప్పుడైతే తీశాను. చిన్నారావు. చేతిలో జిలేబీ పొట్లం. జుట్టంతా తెల్లబడిపోయింది. పాపం, మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు.

"బావని ఓపాలి సూసేసి ఎల్లిపోతానక్కా. తలుపు కాణ్ణించే సూస్తాను."

నేనేం చేశానంటే వాణ్ణి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాగేశాను. "నిన్ను చూడకూడదురా. గొంతు పెంచకు" అన్నాను. మంచినీళ్ళిచ్చాను. ఎండన పడొచ్చాడని రెండు ముద్దలు పెరుగన్నం కలిపి పెట్టాను. వాడు తింటూ నా మొహంలోకి చూసి, "అక్కా, మనం సేస్తన్నది నాటకంలోదే గదా?" అన్నాడు. అప్పుడు తట్టింది నాకు. చాటుగా వచ్చిన తమ్ముడు, వంటింట్లో అన్నం, అంతా నా చేతులతో నేనే చేశాను. వాణ్ణి తీసుకెళ్ళి ఆయన ఎదురుగా కూర్చోబెట్టి ఉంటే ఏమీ అయ్యేది కాదేమో!

"నువ్వు మాటందించడం మానీ అక్కా" అన్నాడు వాడు. "మర్సిపోతే మర్సిపోనీ. మనిసి మిగుల్తాడు." ఏడ్చాడు కూడా. నేను తొందరపెట్టి పంపించేశాను. తలుపు ఎంత మెల్లగా వేసినా గొళ్ళెం కిర్రుమంది.

వెనక్కి తిరిగేసరికి ఆయన కుర్చీ పట్టుకుని నిలబడి ఉన్నారు. నిటారుగా. ఆర్నెల్లయింది ఆయన ఒక్కరూ అలా నిలబడి.

"ఇప్పుడు వెళ్ళింది ఎవరు వసుంధరా?"

అక్కడ నేను మాట్లాడకూడదు. తల దించుకోవాలి. తెర పడుతుంది. తల దించుకున్నాను. ఎవరు దించుతారు తెర ఇంట్లో?

ఆయన అలాగే నిలబడ్డారు. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. కింద ఎన్నికల ఆటో మైకులో అరుస్తూ పోయింది. ఆయన ఇంకెక్కడా చూడటం లేదు, నన్నే చూస్తున్నారు. స్టేజి మీద మాట పోయినవాడు ఎదురుగా ఉన్న ఆర్టిస్టుని ఎలా చూస్తాడో అలా. కాపాడు అని. ఆ చూపు వసుంధరకి కాదు. మాట అందించే మనిషికి. అంటే నాకే. నలభై ఏళ్ళుగా నాకే ఆ చూపు.

నోరు మూసుకుంటే సరిపోయేది. వాడు చెప్పింది అదే, వీణ చెప్పింది అదే. కాసేపు నిలబడి, అలసిపోయి, కూర్చుని, నిద్రపోయేవారు. నేను ఆ ఖాళీని భరించలేకపోయాను. పెదవి కదపకుండా అందించాను:

"అడిగింది నేను."

మూడో అంకం మొదటి మాట.

అందిపుచ్చుకున్నారు. "అడిగింది నేను. జవాబు చెప్పవలసింది నువ్వు. చెప్పలేని మాట ఈ ఇంట్లో ఉంటే నేనుండలేను. నేనున్న ఇంట్లో నువ్వుండలేవు." ఒక్క అక్షరం పోలేదు. గొంతు గది గోడలకి తగిలి మోగింది. ఇన్ని ప్రదర్శనల్లో ఇంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు ఈయన. సిగ్గు లేకుండా రాస్తున్నాను, నేనూ బాగా చేశాను. కాళ్ళ మీద పడేచోట పడ్డాను. లేచేచోట లేచాను. "దిగు, ఈ గడప దిగు" అన్నారు. దిగాను. మెట్ల దగ్గర నిలబడ్డాను. లోపల తలుపు వేసుకున్నారు.

పైడమ్మ మందులతో మెట్లెక్కి వచ్చి, "ఏటమ్మా బయట నిలబడినారు?" అని అడిగేదాకా అలాగే ఉన్నాను.

11 అక్టోబరు

నా చేతి నుంచి తినలేదు. నన్ను చూడటం లేదు. కోపంగా కాదు. నేను లేను, అంతే. ముద్ద నోటి దగ్గర పెడితే గాలి తగిలినట్టు మొహం తిప్పుకున్నారు.

"నానెడతాను, మీరు లోపలికి ఎల్లండమ్మా" అంది పైడమ్మ. దాని చేతి నుంచి తిన్నారు.

12 అక్టోబరు

పైడమ్మ పెట్టింది. రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

14 అక్టోబరు, ఆదివారం

వీణ వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను. అంతా విని, నా పక్కన కూర్చుని, నా చేతులు తన ఒళ్ళో పెట్టుకుంది. తిట్టినా బాగుండేది.

"ఇంక అందించకమ్మా. బస్, చాలు."

అందించడానికి ఇంక మాటలెక్కడున్నాయి? నాటకం అయిపోయింది. చివర రామనాథానికి డైలాగు లేదు. ఒక్కడూ కూర్చుంటాడు. ఈయనా అదే చేస్తున్నారు.

19 అక్టోబరు

దసరా. పైడమ్మ పెట్టింది.

25 అక్టోబరు

సినిమా మళ్ళీ పెట్టాను, నా కోసం. ఆఖరి సీను ఆపి ఆపి చూశాను. ఆవిడ మాటలు కంఠతా పట్టాను. ఆవిడ గుమ్మం దగ్గర ఎడమచెయ్యి తలుపు మీద వేస్తుంది. నేనైతే వెయ్యను, ఏ ఆధారం లేకుండా నిలబడతాను. కానీ ఆయన రోజూ చూసింది ఆవిడ చేసినట్టే కదా. ఆవిడ చేసినట్టే చేస్తాను. అరవై మూడేళ్ళొచ్చాక ఆవిడ దగ్గర పాఠం నేర్చుకుంటున్నాను. ఆవిడ బాగానే చేసింది. అప్పుడు నేను అసూయతో చూశాను.

ఆ సీను ఆయన మనసులో పడింది. వినాయక చవితినాడు కళ్ళు చెమర్చాయి, నేను చూశాను. అతను పేరు పెట్టి పిలుస్తాడు. వసుంధరా అన్నా సరే. ఇంట్లోకి రానిస్తే, ఎప్పుడో ఒకరోజు రెండో పేరు కూడా వస్తుంది.

2 నవంబరు

పైడమ్మకి చెప్పి ఉంచాను, గంట కొడితే తలుపు తియ్యమని. "మీ ఇంటికి మీరే గంట కొడతారేటమ్మా!" అంది.

8 నవంబరు

దీపావళి మర్నాడు. పొద్దున ఆయన స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని తేటగా ఉన్నారు. ఇవాళే అనుకున్నాను. తెల్ల చీర కట్టుకుని బయటికి వెళ్ళి, తలుపు వేసుకుని, గంట కొట్టాను. మొదటి ప్రదర్శనకి కూడా ఇంత భయపడలేదు.

పైడమ్మ తీసింది. ఎడమచెయ్యి తలుపు మీద వేశాను.

"పదేళ్ళు వానలో నిలబడ్డాను. లోపలికి రమ్మంటారా?"

ఆయన తల తిప్పి చూశారు. నన్నే చూశారు! అన్ని రోజుల తర్వాత. కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచి నిలబడ్డారు. రెండు చేతులూ జోడించారు.

"చాలా బాగా చేశారమ్మా" అన్నారు. అది రామనాథం గొంతు కాదు. ఆయన గొంతే, వర్క్‌షాపు సత్తిరాజు గారి గొంతు. "కానీ ఈ సీను మా నాటకంలో లేదండి. తెర పడిపోయింది. మీరు అలిసిపోయి ఉంటారు. రిక్షా పిలిపిస్తాను, బండికి టైముంది."

ఆయన తిరిగొచ్చారని నాకు తెలిసింది. నాటకంలోంచి బయటికొచ్చారు. నిజంగా మాట్లాడుతున్నారు, నాతోనే, ఎవరూ అందించకుండా.

"ఏమండీ, నా పేరు చెప్పండి. ఒక్కసారి చెప్పండి, చాలు" అన్నాను.

ఆయన ఇబ్బంది పడ్డారు. మర్యాదస్తుడు ఇబ్బంది పడినట్టు, నేల చూస్తూ, "ఏమీ అనుకోకండి" అన్నారు. "మేము వేషం పేరుతోనే పిలుస్తామండి. పై ఊరి నుంచి వచ్చిన ఆడవాళ్ళ పేర్లు మాకెందుకని అడగం. మా నాటక సమాజం సెక్రటరీ గారికి తెలిసుంటుంది, వారిని అడగండి."

ఆయన ఎదురుచూశారు, నేను వెళ్తానని. వెళ్ళేదాకా కూర్చోకూడదని నిలబడే ఉన్నారు, వణుకుతున్న కాళ్ళతో. పడిపోతారని నాకు భయం వేసింది.

"వెళ్ళొస్తానండీ" అన్నాను.

నేను వెళ్ళాక కూర్చున్నారట.

9 నవంబరు

వీణ ఫోన్ చేసింది. బాగానే ఉన్నారన్నాను.

పప్పుచారు, బెండకాయ వేపుడు చేశాను. నేను వంటింట్లోనే ఉన్నాను. పైడమ్మ ముందు గదిలో తినిపించింది. అంతా తిన్నారు. గిన్నెలు పట్టుకుని లోపలికొచ్చి, "వొంట ఎవులు సేసినారని అడుగుతన్నారమ్మా, ఏటి సెప్పమంటారు?" అంది.

వంటావిడ అని చెప్పమన్నాను.

బాగుందన్నారట.